ఒకసారి రాసిన మాత్ర

ఆరో వార్డు పెద్ద సిస్టర్ రిజిస్టర్ చూసి ముచ్చటపడని మనిషి ఆ ఆసుపత్రిలో లేడు. గీతలు ఎర్ర సిరాతో, పేర్లు నీలం సిరాతో, టిక్కులు నల్ల సిరాతో. ఒక్క కొట్టివేత ఉండదు, ఒక్క మరక ఉండదు. యూనిఫాం జేబులో కత్తెర ఉన్నా లేకపోయినా స్కేలు మాత్రం ఉండాల్సిందే. బస్సు డిపోలో టైం కీపర్‌గా చేసి రిటైరైన వాళ్ళాయన, "ఆ పుస్తకంలో నాకూ ఒక గడి గీయవే, రోజుకొక టిక్కు పెడుదువుగాని, బతికే ఉన్నానని తెలుస్తుంది" అని ఏడిపించేవాడు. ఆవిడ నవ్వేది కాదు. రిజిస్టర్ మీద జోకులంటే ఆవిడకి ఒళ్ళుమంట.

ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు మరి. ట్రైనింగులో ఉన్నప్పుడు మేట్రన్ ఆవిడ వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పిన పాఠం ఒకటే: రాయనిది ఇవ్వనట్టే. మందు రోగి నోట్లో వేసినా సరే, పుస్తకంలో ఎక్కకపోతే వెయ్యనట్టే లెక్క. ఆ పాఠం ఎందుకు చెప్పారో, దాన్ని ఈవిడ ఎటు తిప్పిందో చెబితే నవ్వాలో ఏడవాలో మీకే తెలియదు.

ఆరో వార్డు పెద్దవాళ్ళది. ఇరవై రెండు మంచాలు, డెబ్బై దాటిన మనుషులు, విరిగిన తుంట్లు, ఆగని దగ్గులు. నిద్ర పట్టదని కొందరు, పట్టిన నిద్రలోంచి లేచి ఇంటికి పోతానని కొందరు. అందుకని డాక్టర్లు నిద్రమాత్రలు రాస్తుంటారు. చిన్న తెల్ల మాత్ర, మధ్యలో గీత. సగానికి విరవడానికి ఆ గీత. పెద్దవాళ్ళ ఒంట్లో మందు త్వరగా అరగదు, నిలవ ఉండిపోతుంది, అందుకే అర మాత్ర చాలంటారు.

ఇప్పుడు ఆవిడ బీరువాలోని ఒక డబ్బా సంగతి. మనిషి డిశ్చార్జి అయినా, పోయినా, అతని పేరు మీద ఫార్మసీ నుంచి తెచ్చిన మాత్రలు కొన్ని మిగులుతాయి. వాటిని తిరిగి ఇవ్వాలంటే మూడు ఫారాలు నింపాలి, మూడు సంతకాలు పెట్టించాలి, పైగా ఫార్మసిస్టు చూసే చూపు! నింపినన్నాళ్ళు నింపింది పాపం. తర్వాత ఓపిక చచ్చింది. మిగిలినవాటిని ఆ రోగికి ఇచ్చేసినట్టు టిక్కు పెట్టి, మాత్రల్ని ఏళ్ళ తరబడి బిస్కెట్ల డబ్బాలో పోస్తూ వచ్చింది. బంగారంలాంటి మందు పారెయ్యడానికి చేతులు రాలేదంతే, అందులో దురుద్దేశం ఏమీ లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక తాత గారు మంచం కడ్డీలు పట్టుకుని గొంతు చించుకుని అరుస్తున్నారు. డ్యూటీ డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. ఫార్మసీ మూసేశారు. మిగతా ఇరవై ఒక్క మందీ చెవులు మూసుకుంటున్నారు. సిస్టర్ డబ్బా తీసి, ఒక మాత్ర నలిపి, పాలల్లో కలిపి తాగించింది. అరగంటలో తాత గారు పడుకున్నారు. చాలా నెలల తర్వాత ఆ రోజు ఆవిడ టీ వేడిగా తాగింది.

తాగి, రిజిస్టర్ ముందేసుకుంది. ఎక్కడ రాయాలి? ఈ మాత్ర పోయినవారం చనిపోయినావిడ పేరు మీద ఎక్కేసింది కదా! ఒకసారి రాసిన మాత్రని రెండోసారి రాస్తే స్టాకు కలవదు, దొంగ లెక్క అవుతుంది. తన పుస్తకంలో దొంగ లెక్కా! ఛీ ఛీ. కాబట్టి రాయలేదు. చూశారా ఆవిడ నిజాయితీ! మాత్రకి అన్యాయం జరక్కుండా చూసుకుంది, మనిషి సంగతే మర్చిపోయింది.

ఆ ఒక్క ఆదివారం ప్రతిరోజూ అయింది. వార్డు ఆయా చిన్న రోలు ఒకటి సంపాదించింది. సాయంత్రం ఐదింటికి పాల బండి వచ్చేలోపు దంచి ఉంచేది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'పొడి'.

"సిస్టరమ్మా, తొమ్మిదో మంచానికి పొడి వెయ్యమంటారా?"

"కాస్త వెయ్యి. పొద్దున్నించి చంపేస్తోంది."

అంతే, ఆరున్నరకల్లా వార్డంతా చప్పుడు లేకుండా ఉండేది. వేరే వార్డుల సిస్టర్లు వచ్చి, "మీకేం తల్లీ, మీవాళ్ళు దేవుళ్ళు" అని అసూయపడేవాళ్ళు. ఆవిడ లోపల్లోపల మురిసిపోయేది కూడా.

తొమ్మిదో మంచం అంటే హలో మామ్మ. ఎనభై ఒకటో ఏడు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. ఎవరు పిలిచినా "హలో, చెప్పండి" అంటుంది, అందుకని ఆ పేరు. తుంటి విరిగి వచ్చింది, ఆపరేషన్ బాగానే జరిగింది, నడక వచ్చేదాకా ఉండమన్నారు. కాలు విరిగింది గానీ నోటికేమీ కాలేదు. అబ్బో, ఏం నోరది! లేచింది మొదలు కబుర్లే. పక్క మంచమావిడ కోడలి కబుర్లు ఈవిడకి కావాలి, డాక్టర్ గారి జీతం కావాలి, సిస్టర్ చెప్పులు ఎక్కడ కొన్నదో కావాలి. రిజిస్టర్ రాసుకునే వేళకి సరిగ్గా మొదలెట్టేది: "హలో సిస్టర్, ఒక్క మాట..." ఆ ఒక్క మాట గంటకి తేలదు. గీత వంకరపోయేది.

రెండు వారాలు ఓర్చుకుంది సిస్టర్. మూడో వారం మామ్మ పాలల్లో పొడి పడింది. తర్వాత పొద్దున స్నానం వేళ కూడా. డాక్టరు రాసిన అర మాత్ర వేరే, అది రిజిస్టర్లో నల్ల టిక్కుతో ఎక్కేది. నెల తిరిగేసరికి మామ్మ మాటలు ముద్దముద్దగా అయ్యాయి. రెండో నెలలో కూతుర్ని చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. లాండ్రీ నడుపుకునే ఆ కూతురు గంజి మరకల చేతులతో సిస్టర్ చేతులు పట్టుకుని, "ముసలితనం కదండీ. మీరున్నారని నాకు ధైర్యం" అంది. సిస్టర్ ఆ చేతుల్ని నిమిరింది. అప్పటికి ఆవిడకి ఏ సిగ్గూ లేదు. నిజంగానే ముసలితనం అనుకుంది.

ఆ తర్వాత వచ్చింది కొలతల డాక్టరమ్మ. ఆ పేరు ఆయా పెట్టిందే. ముప్ఫై దాటని అమ్మాయి, కాన్వాస్ బూట్లు, చంకలో లాప్‌టాప్. పెద్దవాళ్ళు నిద్రమాత్రలు అసలు ఎంత వాడుతున్నారో కచ్చితంగా కొలవడం ఆ అమ్మాయి పని. మూడు ఆసుపత్రులు, పదకొండు వార్డులు. పది రోజులు ఆరో వార్డులో కూర్చుని రిజిస్టరంతా ఎక్కించుకుంది.

"డాక్టరు రాసింది ఒక లెక్క సిస్టర్, మీరు ఇచ్చింది ఇంకో లెక్క, పెద్దవాళ్ళు నిజంగా మింగింది మూడో లెక్క. చాలాచోట్ల ఇవి కలిసి చావవు. మీ దగ్గర స్టాకుతో సహా అచ్చం అతికినట్టు కలిశాయి. మనిషికి రోజుకి అర మాత్ర కూడా లేదు. పదకొండు వార్డుల్లోకీ మీదే తక్కువ! అయినా ఇంత ప్రశాంతంగా ఎలా ఉంచుతున్నారు వీళ్ళని?"

సిస్టర్ జేబులో స్కేలు సర్దుకుంది. గోడవతల ఆయా రోట్లో దంచుతున్న టకటక చప్పుడు వినిపిస్తోంది. ముఖంలోకి నెత్తురంతా ఒక్కసారి ఎగదన్నుకొచ్చింది. "ఓపిక ఉండాలమ్మా" అంది చివరికి. అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే బాగుండుననిపించింది.

వచ్చే బుధవారం మూడు ఆసుపత్రుల సిస్టర్లనూ కూర్చోబెడతాం, మీ పద్ధతి మీరే వాళ్ళకి చెప్పాలి అన్నారు పైవాళ్ళు. వాళ్ళాయన వీధిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆవిడకి అన్నం సహించలేదు. దొరికిపోతానన్న భయమే అయితే ఏదో సర్దుకునేదేమో. భయం కాదది. ఆ అమ్మాయి తనని నమ్మి, గౌరవంగా చూసిన చూపు గుర్తొస్తే కంచం పక్కకి జరిపేసేది.

అందుకని ఏం చేసిందీ? మగాళ్ళూ ఆడాళ్ళూ, పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ అందరూ చేసే పనే చేసింది. గుట్టుగా సర్దేద్దామనుకుంది.

"రేపట్నించి పొడి బంద్. డబ్బా ఇలా ఇచ్చెయ్" అంది ఆయాతో.

"ఎందుకమ్మా, హాయిగా నడిచిపోతుంటే?"

"చెప్పింది చెయ్యి."

ఐదు నెలలుగా రోజూ పడ్డ మందుని ఒక్కపూటలో ఆపకూడదని నర్సింగు మొదటి ఏడాది పిల్లకి కూడా తెలుసు. కొద్దికొద్దిగా దింపాలి. ఈవిడకి తెలీదా? తెలుసు. కానీ కొద్దికొద్దిగా దింపాలంటే డాక్టరుతో చెప్పాలి, చెబితే పరువు పోతుంది. మూడో రోజుకి వార్డు అగ్గి మీద గుగ్గిలమైంది. మిగతావాళ్ళు నిద్రలేక సణుగుతున్నారు. మామ్మ పరిస్థితి మరీ ఘోరం. చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట. దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకుంటూనే ఉంది. నీళ్ళు పట్టిస్తున్న ఆయా చెయ్యి కొరికేసింది.

పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చి రిజిస్టర్ తిరగేశాడు. నీట్‌గా, వరసగా నల్ల టిక్కులు. "రోజుకి అర మాత్ర. ఆ కాస్త మందుకి మనిషి ఇలా అయిపోడు. అంటే ఇది మందు గొడవ కాదు, బుర్ర గొడవ" అన్నాడు. "మెదడు అరిగిపోతోంది. తాళం వార్డుకి పంపిద్దాం. వాళ్ళమ్మాయిని రేపు సంతకానికి రమ్మనండి."

తాళం వార్డు ఆవరణకి అవతలి కొసన ఉంటుంది. మతి పూర్తిగా తప్పిన పెద్దవాళ్ళని అక్కడ ఉంచుతారు. అక్కడికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇటు నడిచి రావడం ఈ పదేళ్ళలో సిస్టర్ చూడలేదు. ఆయా గుసగుసగా అంది, "పోతే పోనివ్వండమ్మా. మన నోరు మనం మూసుకుంటే ఎవడికి తెలుస్తుంది?" నిజమే, ఎవరికీ తెలీదు. మామ్మ లోపలికి వెళితే ఆ తలుపు వెనకే ఆ సంగతీ ఉండిపోతుంది. ఆ ఆలోచన ఒక క్షణం ఆవిడకి ఊరటగా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

మర్నాడు పదకొండు గంటలకి పెద్ద డాక్టరు గారి గది. బల్లకి ఇటు మామ్మ కూతురు, పక్కన కాగితాలు సర్దుకుంటూ కొలతల డాక్టరమ్మ. కూతురు కళ్ళు తుడుచుకుని పెన్ను తీసుకుంది. సిస్టర్ గోడవారగా నిలబడి ఉంది. 

"సంతకం పెట్టకమ్మా" అంది.

ముగ్గురూ తలెత్తారు.

"ఏమైంది సిస్టర్?"

"ఆ లెక్క తప్పు డాక్టర్ గారూ."

"ఏ లెక్క?"

"నాదే. నా రిజిస్టరే తప్పు."

చెప్పేసింది. డబ్బా, రోలు, పాలు, పొడి.  పెద్ద డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"రోజుకి ఎన్ని?"

"పొద్దున ఒకటండీ. సాయంత్రం ఒకటి. ఆయా వేస్తే... ఒకటిన్నర పడేదేమో."

"ఎన్నాళ్ళుగా?"

"ఐదు నెలలు... నాలుగున్నర కావచ్చు."

"కావచ్చా?" అన్నాడాయన. గట్టిగా కూడా అనలేదు. ఫలానా మంచం మనిషికి ఫలానా కట్టు ఏ తారీఖున ఏ గంటకి మార్చారో పుస్తకం తియ్యకుండా చెప్పగల మనిషి ఆవిడ. ఒక మనిషి ఒంట్లోకి ఎంత విషం పోసిందో చెప్పలేక నీళ్ళు నములుతోంది. తల కొట్టేసినట్టయింది.

"ఈవిడకేనా, ఇంకెవరికైనా?" అని అడిగింది కొలతల డాక్టరమ్మ.

"తొమ్మిది మందికి. ఒక్కోరోజు పదకొండు మందికి."

ఆ అమ్మాయి కాగితం తీసి ఆరో వార్డు వరస మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన 'కొలవలేం' అని రాసుకుంది. రాసుకుని, "మీ వార్డు చూసి మిగతా పది వార్డుల్నీ తప్పుపట్టాను సిస్టర్. వాళ్ళు ఇచ్చింది ఇచ్చినట్టు రాశారు. అదే వాళ్ళు చేసిన నేరమైంది" అంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

కూతురు మాత్రం పెన్ను ఇంకా పట్టుకునే ఉంది. ఆవిడకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "అంటే మా అమ్మకి మతి పోలేదా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మా మావయ్య వచ్చాడు. ఎనభై దగ్గరపడ్డ మనిషి, రెండు రైళ్ళు మారి వచ్చాడు. అక్కతో మాట్లాడాలని మూడు రోజులు ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పుడు లేస్తుంది సిస్టర్ అని మిమ్మల్నే అడిగాడు. పెద్ద వయసు కదండీ, నిద్ర మంచిదే అన్నారు మీరు." ఆవిడ గొంతు పైకి లేవలేదు. "పోయిన నెల మావయ్య పోయాడు. ఎలాగూ అమ్మకి తెలీదులే అని నేను చెప్పను కూడా చెప్పలేదు."

ఆ ముసలాయన సిస్టర్‌కి సరిగ్గా గుర్తు కూడా లేడు. స్టూలు అడ్డంగా ఉంది, జరపండి అన్నట్టు మాత్రం గుర్తుంది. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది. గది మూడో అంతస్తులో ఉంది.

బుధవారం మీటింగు రద్దయింది, విచారణ వేశారు. డబ్బా, రోలు, ఎర్ర గీతల రిజిస్టరు సూపరింటెండెంటు పట్టుకుపోయాడు. మందుల బీరువా తాళంచెవి వేరే సిస్టర్‌కి ఇచ్చారు. వార్డు నుంచి కూడా పంపేసేవాళ్ళే, మామ్మ కూతురు అడ్డుపడింది. "ఆవిడే ఉండాలి. మా అమ్మ కళ్ళు తెరిచేదాకా ఆవిడే పక్కన ఉండి చూడాలి" అంది. జాలిపడి అన్న మాట కాదది.

ఇంట్లో వాళ్ళాయన ఓదార్చబోయాడు. "నువ్వొక్కదానివేనా చేసింది? అందరూ చేసేదే."

"ఆ మాట అనకు. దండం పెడతాను, ఆ మాట మాత్రం అనకు" అని కంచం ముందు నుంచి లేచిపోయింది.

మందు మళ్ళీ మొదలుపెట్టి, కొలిచి, వారానికి ఇంత చొప్పున దించారు. పొడి లేదు, పాలు లేవు. ఇంత ముక్క అని తూచి, నోట్లో వేసి, మింగిందాకా చూసి, అప్పుడు రాయాలి. ముందే టిక్కులు పెట్టకూడదు. కొలతల డాక్టరమ్మ ఆ కాగితం గీసిచ్చింది. తొమ్మిదో మంచం కాగితం సిస్టర్ నింపితే కొత్త ఇన్‌చార్జి పక్కన సంతకం పెట్టేది. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత తన రాతకి ఇంకొకరు సాక్షి. గడులు వంకరగా ఉన్నాయి, కొట్టివేతలు ఉన్నాయి. ఒకరోజు మామ్మ మాత్ర ఉమ్మేస్తే 'ఉమ్మేసింది' అని రాయాల్సొచ్చింది.

ఏడో వారంలో వణుకు తగ్గింది. తొమ్మిదో వారంలో మామ్మ కూతుర్ని పేరు పెట్టి పిలిచి, "జుట్టు ఏమిటే ఇలా తెల్లబడిపోయింది?" అంది. కూతురు వరండాలోకి పరిగెత్తి గోడకి తల ఆనించి ఏడ్చింది. మిగతా మంచాల్లోనూ ఒక్కొక్కరే మనుషుల్లో పడుతున్నారు. వార్డు గోలగోలగా ఉంది.

పదకొండో వారం ఒక ఉదయం మామ్మ దిండుకి ఆనుకుని కూర్చుని, పక్కనున్న సిస్టర్ని పిలిచింది. కూతురు బట్టలు మడతపెడుతోంది.

"మా చిన్నోడు వస్తానని ఉత్తరం రాశాడమ్మా. మా తమ్ముడు. వచ్చాడా?"

కూతురి చేతులు ఆగిపోయాయి. సిస్టర్ వైపు చూసింది. మీరే చెప్పండి అన్నట్టుంది ఆ చూపు.

"వచ్చారు మామ్మగారూ. మూడు రోజులున్నారు."

"వచ్చాడా!" మామ్మ ముఖం వెలిగిపోయింది, అంతలోనే చిన్నబోయింది. "ఏం మాట్లాడుకున్నామో నాకొక్క ముక్క గుర్తులేదు. చూశావా, నా బుర్ర పాడైపోయింది. పాపం, వాడేమనుకున్నాడో."

అక్కడ ఊరుకోవచ్చు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, తన బుర్రదే తప్పనుకుంటోంది, అలా అనుకోనిస్తే సరిపోతుంది. సిస్టర్ మంచం కడ్డీ గట్టిగా పట్టుకుంది.

"మీ బుర్ర పాడవలేదు. మీరు నిద్రపోతూ ఉన్నారు. నేనే నిద్రమాత్రలు కలిపి మిమ్మల్ని నిద్రపుచ్చాను. ఆ మూడు రోజులే కాదు, ఐదు నెలలు."

మామ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. కోపం కాదు. అర్థంకాక.

"ఎందుకమ్మా? నేనేం చేశాను?"

సమాధానం ఒకటే ఉంది. ఎంత చిన్న సమాధానమో! చెప్పింది.

"మీరు ఎక్కువ మాట్లాడుతున్నారని."

"అలాగా" అంది మామ్మ.

తమ్ముడు పోయిన సంగతి ఆ మధ్యాహ్నం కూతురు చెప్పింది. మామ్మ తువ్వాలు నోటికి గట్టిగా అదుముకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది. ఏడుస్తున్నంతసేపూ సిస్టర్ ఎటుందో చూసుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున సిస్టర్ కాగితం పట్టుకుని తొమ్మిదో మంచం దగ్గరికి వచ్చింది. మామ్మ మాత్ర ముక్క మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించింది. తర్వాత బడిలో పిల్లలా చెయ్యి కొంచెం పైకెత్తింది.

"సిస్టర్, ఒక్క మాట మాట్లాడొచ్చా?"

సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ కూర్చున్నాక కూడా మామ్మ చెయ్యి దించలేదు.